మామ కోసం కట్టిన కండ్లడబ్బా

గాలిలో ఎగిరే బొమ్మకు ఒక కన్ను పెట్టవచ్చని, ఆ కన్ను చూసేదంతా మనం నేల మీద కూర్చుని అప్పటికప్పుడే చూడవచ్చని నాకు మొదట చెప్పింది మా ఆడబిడ్డ. ఆమెది పెనుకొండ. ఆమె భర్త ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఒకరోజు హిందూపురంలో మా ఇంటికి వచ్చి, నేను జాకెట్టు చేతులు కుడుతూ ఉంటే మిషను పక్కన కూర్చుని తన బాధ చెప్పుకొచ్చింది. ఆదివారం వస్తే ఆయన ఇంట్లో నిలవడట. తోటి పనివాళ్ళతో కలిసి చేలల్లోకి పోయి, మొహానికి ఒక డబ్బా కట్టుకుని, కుర్చీలో కూర్చుని తనలో తాను నవ్వుకుంటూ ఉంటాడట.

"తాగుతాడంటే నలుగురికీ చెప్పుకోవచ్చు వదినా. డబ్బా కట్టుకుంటాడని ఎవురికి చెప్పుకోవల్ల?" అంది.

నాకు నవ్వొచ్చింది. కానీ మనసు మాత్రం ఆ డబ్బా దగ్గరే ఆగిపోయింది. మొహానికి కట్టుకుంటే అంతా చీకటే కదా, ఆ చీకట్లో ఆయనకు ఏం కనిపిస్తుంది? తెరా? అద్దమా? తెర అయితే ముక్కుకు అంత దగ్గరగా పెట్టుకుంటే కళ్ళకు ఎలా అందుతుంది? ఇవన్నీ అడిగేసరికి ఆమె విసుక్కుని, వచ్చి నువ్వే చూసుకో అంది. ఆ మాటే పట్టుకుని మరుసటి ఆదివారం పోయాను.

వేరుశనగ పీకేసిన చేను అది. కొండ దూరంగా కనిపిస్తూ ఉంది. ఆడబిడ్డ భర్తను నేను అన్నా అని పిలుస్తాను. అన్న చేతిలో ఉన్న ఎగిరే బొమ్మ, డ్రోన్ అంటారట, అరచేయంత ఉంది, నాలుగు మూలలా నాలుగు చిన్న ఫ్యాన్లు, ముందు చింతగింజంత కెమెరా. అది తీసిన దృశ్యాన్ని గాలిలోకి పంపిస్తుంది, డబ్బాలో ఉన్న రిసీవరు దాన్ని పట్టుకుని తెర మీద వేస్తుంది. ఇండ్ల మీదికి గానీ, ఫ్యాక్టరీ వైపు గానీ, కోట ఉన్న కొండ మీదికి గానీ బొమ్మను పోనివ్వకూడదని అన్న ముందే చెప్పాడు. డబ్బా కట్టుకున్నవాడికి పక్కన ఏం జరిగేదీ తెలియదు కాబట్టి, ఎప్పుడూ ఇంకొకరు నిలబడి బొమ్మను, ఆకాశాన్ని కనిపెట్టి చూస్తూ ఉండాలట. ఆరోజు ఆ పని వేరే ఆయన చేశాడు. తర్వాత చాలా ఆదివారాలు నేనే చేశాను.

అన్న రెండో డబ్బా నా మొహానికి పెట్టాడు. ఒకే కెమెరా పంపేదాన్ని ఎన్ని డబ్బాల్లోనయినా చూడవచ్చట. నీళ్ళు ఎంతమంది తాగినా తగ్గని బావిలాగా అనుకున్నాను. బొమ్మ లేచింది. నేల కిందికి జారిపోయింది. నేను పక్కనున్న ఆడబిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, పడిపోతానేమోనని. చేను, గట్టు, కుర్చీలు, మా నెత్తులు, అన్నీ చిన్నవైపోయాయి. తర్వాత అది ముక్కు పైకెత్తింది. తెర నిండా ఆకాశమే.

అప్పుడు నాకు మా మామ గుర్తొచ్చాడు.

మా మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, బడికి పంపలేకపోయారు. అవ్వ ఇంట్లోనే పెరిగాను. అక్షరాలు అవ్వ నేర్పింది, లెక్కలు మామ నేర్పాడు. చీర డిజైను గీసే గళ్ళ కాగితం ఉంటుంది కదా, ఒక గడి అంటే ఒక పోగు. దాని మీద నెమలిని గీసి, తోకలో ఎన్ని గళ్ళు ఉన్నాయో ఎంచమనేవాడు. నేను కూడికలు నేర్చుకున్నది నెమలి తోకలోనే. ఇవాళ నేను నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మగ్గం గుంత గట్టున కూర్చోబెట్టి నేర్పినందుకే. దేవుడికి దీపం పెట్టిన ప్రతిసారీ ఆ మాట మనసులో అనుకుంటాను.

ఏళ్ళ తరబడి గుంతలో కాళ్ళు పెట్టి, వంగి నేసిన మనిషి. దానికి తోడు ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయే జబ్బు వచ్చింది. వీపు వంగింది, తర్వాత మెడ వంగి, వంగిన చోటే బిగుసుకుపోయింది. నిలబడినా, కూర్చున్నా ఆయన చూపు తన పాదాల దగ్గరే. వచ్చినవాళ్ళను చెప్పులను బట్టి గుర్తుపడతాడు. కొత్త చెప్పులు వేసుకుని పోతే, ఎవరు పాపా అని నన్నే అడిగాడు ఒకసారి. అద్దం పట్టుకుని పైకి చూడమని చెప్పినవాళ్ళు ఉన్నారు. చూశాడు. అద్దంలో ముందు తన మొహమే అడ్డం వస్తాందని దాన్ని పక్కన పెట్టేశాడు.

వొళ్ళు బాగున్న రోజుల్లో ఏటా శ్రావణంలో ఒక శనివారం నడుచుకుంటూ పెనుకొండ కొండెక్కి స్వామిని చూసి వచ్చేవాడు. నేను ఎప్పుడు ధర్మవరం పోయినా ఆయన అడిగే మాట ఒకటే. బస్సులో వచ్చేటప్పుడు కొండ కనపడిందా, పైన మబ్బు ఉందా? ఉందని చెబితే సంతోషించేవాడు. ఈ మధ్య అడగడం మానేశాడు. గదిలోంచి రావడం కూడా మానేశాడని మామ భార్య, మా అత్త చెప్పింది. బయటికొచ్చి చేసేదేముంది, నేల ఇక్కడా ఉండాది, ఆడా ఉండాది అంటాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయంగా ఉండేది. కాబట్టి చేలో ఆ ఆకాశం చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఈ డబ్బా ఒకటి మామకు కావాలి.

కొనేవి మాకు అందవు. అన్న వాడేది కూడా తానే కట్టుకున్నది. విప్పి చూపించమన్నాను. లోపల ఏముందో చూస్తే ఆశ్చర్యం. ఒక చిన్న తెర, దాని ముందు ఒక భూతద్దం, వెనక అగ్గిపెట్టెంత రిసీవరు, పుట్టగొడుగు లాంటి ఏంటెనా, ఒక బ్యాటరీ. అంతే. మిగిలింది అట్ట, స్పాంజి, బట్ట. ఆ మూడూ నా పనే కదా అనుకున్నాను.

హిందూపురంలో కార్ల సామాన్లు అమ్మే అంగడికి పోయి, కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే తెర ఇమ్మన్నాను. ఏ కారమ్మా అని అడిగాడు. కారు లేదు, మా మామకు అన్నాను. ఆ మనిషి ఇంకేమీ అడగలేదు, పైగా వైర్లలో ఏది దేనికో ఓపికగా చెప్పి పంపాడు. ఆయన చల్లగా ఉండాలి. కానీ ఆ తెర మాకు పనికిరాలేదు. బొమ్మ కాస్త దూరం పోయి సిగ్నలు బలహీనపడితే, ఆ తెర మసక దృశ్యాన్ని చూపించడం ఇష్టం లేనట్టు మొత్తం నీలంగా మారిపోయేది. అన్న చెప్పాడు, ఎగరేసేవాడికి ఇది చాలా ప్రమాదం, బొరుగులు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా కనపడినా సరే, ఎంతో కొంత కనపడుతూ ఉండాలి అని. తన దగ్గర ఉన్న ఇంకో తెర ఇచ్చాడు. అది పాతది, మూలన ఒక గీత ఉంది, కానీ ఉన్నంతవరకు దాచకుండా చూపించేది.

భూతద్దం సంగతి నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది. పంచాంగం చదువుకోవడానికి పేజీ మీద పెట్టుకునే పల్చటి ప్లాస్టిక్ అద్దం ఉంటుంది కదా, అదే. తెరకూ దానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో తెలుసుకోవడానికి అట్టపెట్టెకు రెండు వైపులా వరసగా గాట్లు కోసి, అద్దాన్ని ఒక్కో గాటులోకి మార్చి చూశాను. ఒకచోట అంతా అలికినట్టు ఉంటుంది. ఇంకొంచెం జరిపితే, ఉన్నట్టుండి తెర మీది అక్షరాలు నిక్కచ్చిగా నిలబడతాయి. నాకు కుదిరిన గాటు మా ఆడబిడ్డకు కుదరలేదు. ఆమెకు దూరపు చూపు తక్కువ, తెర ఇంకా దగ్గరికి రావాలి. దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకునే నాకు మాత్రం లోపల అద్దాలే అక్కర్లేదు. ఎందుకని అన్నను అడిగితే, జానెడు దూరంలో ఉన్న తెరను ఈ భూతద్దం ఎక్కడో దూరంగా ఉన్నట్టు కంటికి నమ్మిస్తుంది అన్నాడు. దగ్గరున్నదాన్ని దూరం చేసి చూపిస్తే గానీ స్పష్టంగా కనపడకపోవడం గురించి ఆరోజంతా కుట్టు పని చేస్తూ ఆలోచించాను. టంకం వేయడం కూడా అన్న దగ్గరే నేర్చుకున్నాను. వేలు రెండుసార్లు కాలింది.

తెరను దగ్గర నుంచి చూస్తే అది కూడా చిన్న చిన్న గళ్ళే. మామ గళ్ళ కాగితం లాగానే, ఒక్కో గడికి ఒక్కో రంగు. ఇది మామకు చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో.

డబ్బా తయారైంది. లోపల నల్లబట్ట అంటించాను, మొహానికి ఆనేచోట స్పాంజి కుట్టాను, ఊపిరికి అద్దం మసకబారకుండా పైన రంధ్రాలు పెట్టాను, తలకు లంగా ఎలాస్టిక్ పట్టీ వేశాను. ధర్మవరం తీసుకుపోయి మామకు కట్టాను. ఆడబిడ్డ, అన్న కూడా వచ్చారు. అన్న వాకిట్లో కెమెరాను చేత్తో పట్టుకుని తిప్పితే, గదిలో కూర్చున్న మామకు ఎదురింటి మిద్దె, కరెంటు స్తంభం, దాని మీద కాకి కనపడ్డాయి. కాకిని చూసి మామ చాలాసేపు నవ్వాడు. మేమందరం నవ్వాం. ఎంతసేపు ఉంచామో నాకే తెలియలేదు.

మరుసటి పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. మామ మెడ పట్టేసి పక్క మీద నుంచి లేవలేకపోతున్నాడు. డబ్బా బరువంతా ముందుకు లాగింది. బిగుసుకుపోయిన మెడకు ఆ లాగుడు ఎంత చెరుపో నేను ఆలోచించనే లేదు. డాక్టరు గట్టిగా చెప్పాడట, ఆ మెడ మీద చిన్న బరువు కూడా పడకూడదు, విరిగితే చేతులు కాళ్ళు కూడా పడిపోతాయి అని. నేను వెంటనే బస్సెక్కాను. గడపలోనే అత్త నిలబెట్టింది.

"ఆయన మంచి కోసరమే చేసినావు, నాకు తెల్సు పాపా. ఉన్న మెడనన్నా ఉండనీ," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

ఆ డబ్బాను తీసుకుపోయి పారేయాలనుకున్నాను. దేవుడి గూటి ముందు కూర్చుని క్షమించమని అడిగాను. నేర్పినవాడికి చేయగలిగింది ఇదా అనిపించింది. మామ మాత్రం పక్క మీద నుంచే డబ్బా ఎక్కడ అని అడిగాడు. బ్యాటరీని తల వెనక్కి మార్చి బరువు సరిచేస్తానని అన్న అంటున్నాడని, నాకు మాత్రం ఇక వద్దని ఉందని చెప్పాను.

"ఏం పాపా, మగ్గం మీద చీర నేసేటప్పుడు చీరను మొగానికి కట్టుకుంటామా?" అన్నాడు మామ.

నాకు అర్థం కాలేదు.

"నా కండ్లు యాడ చూస్తాండాయో ఆడ పెట్టు. నా మొగం కిందికే ఉండాది కదా. కింద పెట్టు."

మేము ఇన్నాళ్ళు ఆ డబ్బాను తలకు కట్టాల్సిన వస్తువు అనే అనుకున్నాం. అందరూ తలకే కడతారు కాబట్టి. ఆయన చూపు ఎప్పుడూ ఒకే చోట పడుతుంది, నేస్తున్న బట్ట ఉండేచోట. అక్కడ పెడితే మెడ మీద బరువే ఉండదు. ఇంత చిన్న సంగతి నాకూ తట్టలేదు, కార్లు బిగించే అన్నకూ తట్టలేదు.

పట్టీ కత్తిరించేశాను. వడ్రంగి చేత ఒక ఎత్తు పీట చేయించాం, మధ్యలో డబ్బా పట్టేంత గుంత, కాళ్ళకు మేకులు మార్చి ఎత్తు తగ్గించుకునే వీలు. డబ్బాను అందులో వెల్లకిలా పెట్టాం. మామ కుర్చీలో కూర్చుంటే పీట మోకాళ్ళ మధ్యకు వస్తుంది. నుదురు ఆనేచోట స్పాంజి ఇంకా మెత్తగా వేశాను. ఆయన నుదురు దాని మీద ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. ఏమైంది మామా అంటే, మెడకు కూచున్నప్పుడు ఆనుడు దొరికి ఎన్నేండ్లయిందో అన్నాడు. అది చూసిన తర్వాతే అత్త పెనుకొండ ప్రయాణానికి ఒప్పుకుంది. అదీ ఒక్కసారికే. మళ్ళీ మెడ పడితే డబ్బాను పొయ్యిలో పెడతానంది.

అన్న ఒక తెలిసినాయన కారు మాట్లాడాడు. నేను ఆ ముందు వారమంతా డబ్బాకు ఒక తొడుగు కుట్టాను. అవ్వ పెట్టెలో మామ నేసిన పాత చీర ఒకటి చిరిగిపోయి ఉంది. దాని కొంగు, జానెడు వెడల్పు జరీ అంచు తీసుకుని డబ్బా చుట్టూ వచ్చేలా, దుమ్ము పడకుండా ఏంటెనా కూడా లోపలే ఉండేలా కుట్టాను. ఆయన చేత్తో నేసిన బట్ట ఆయన చూసే డబ్బాకు ఉండాలని నా కోరిక.

చేలో నీడకు గొడుగు పాతి మామను కూర్చోబెట్టాం. అత్త పక్కన, మెడ మీద చెయ్యి వేసి. నేను ఆకాశం కనిపెట్టుకుని నిలబడ్డాను. అన్న తన డబ్బా కట్టుకుని, బొమ్మను ఇరవై అడుగుల అవతల పెట్టి, ఆన్ చేశాడు. అన్నకు బాగా కనపడుతోంది. మామ డబ్బాలో బొరుగులే. ఒక క్షణం ఏదో మెరుస్తుంది, మళ్ళీ బొరుగులు. అన్న వచ్చి వైర్లు చూశాడు, బ్యాటరీ మార్చాడు, చానలు మార్చాడు. ఇంట్లో పనిచేసింది, ఇక్కడ చేయడం లేదు. ఎండ ఎక్కుతోంది. అత్త నా వైపు చూసింది. ఇక మామను లేపి కారెక్కిద్దాం అనే చూపు అది. మళ్ళీ ఇంత దూరం ఆయన్ను తేనివ్వదని నాకు తెలుసు.

మామ ఒక్కడే తొందరపడలేదు. డబ్బాను చేతుల్తో తడుముతున్నాడు. తొడుగు అంచును బొటనవేలితో రుద్దాడు.

"ఇది కొత్తగా వేసినావు కదా పాపా?"

అవునన్నాను. నువ్వు నేసిన చీరదే అని చెప్పాను.

"నేను నేసిందే, అందుకే చెప్తాండా. ఇది పోగు కాదమ్మా, రాగి. పట్టుదారానికి రాగితీగ చుట్టి, పైన వెండి పూత. ఫోను ఇనప బీరువాలో పెట్టి మూస్తే మోగుతాదా?"

అన్న తన డబ్బా పైకెత్తి ఆ అంచును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను పళ్ళతోనే కుట్లు తెంపాను. తొడుగు ఊడి రాగానే తెర మీద బొరుగులన్నీ ఎవరో చేత్తో ఊడ్చినట్టు పోయాయి. ఇంత పలచటి జరీ గాలిలో వచ్చేదాన్ని ఆపుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఆపింది నేను కుట్టిన జరీయే, మా కళ్ళ ముందే.

బొమ్మ ఇంకా నేల మీదే ఉంది. ఒక గడ్డకు ఆనించి పెట్టడం వల్ల దాని ముక్కు పైకి ఉంది. ఎగరేస్తాను మామా అన్నాడు అన్న.

"ఉండప్పా," అన్నాడు మామ. "తొందరేముండాది."

అన్న తన డబ్బాలో చూస్తున్నాడు కాబట్టి తర్వాత నాకు చెప్పాడు, తెరలో ఏమీ లేదట, ఉట్టి ఆకాశం, ఒక పలచటి మబ్బు, చాలా ఎత్తున గద్ద ఒకటి. మామ దాన్నే చూస్తూ ఉన్నాడు. బ్యాటరీ అయిపోతుందని అన్న నసిగాడు. ఇంకొక్క రవ్వ అన్నాడు మామ. గద్ద పోయిన తర్వాత, ఇప్పుడు లేపు అన్నాడు.

లేచింది. అన్న దాన్ని మెల్లగా తిప్పాడు. కొండ దగ్గరికి పోలేదు, ఉన్నచోటనే నిలిపి అటు చూపించాడు. మామ వేళ్ళు పీట అంచును పట్టుకున్నాయి. బండలు చెబుతున్నాడు, ఆ బండ దగ్గర నీళ్ళు తాగేవాళ్ళం, ఈ మలుపులో మీ అమ్మ కూచునేది, పైన కోట గోడ అట్లనే ఉండాది. మబ్బు ఉందా మామా అని ఈసారి నేను అడిగాను. ఉండాది, తల మింద చెయ్యి పెట్టినట్టుండాది అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బొమ్మ మా మీదుగా రాకుండా పక్కగా వచ్చింది. గొడుగు దగ్గరున్న మేమందరం దానిలో కనపడి ఉంటాం.

"ఆ గొడుగు కింద ఉండేది నేనేనా?" అన్నాడు మామ. "ఇంత వంగిపోయినానా. ఒక్కరన్నా చెప్పలేదే."

"చెప్తే నిటారుగా నిలబడుతావా ఏంది," అంది అత్త. మెడ మీద ఉన్న చెయ్యి మాత్రం తీయలేదు.

మామ డబ్బా మీద నుంచి మొహం ఎత్తలేడు కాబట్టి, పీటనే పక్కకు జరిపాం. నుదుటి మీద స్పాంజి అచ్చు పడి ఉంది. కళ్ళు తుడుచుకుని, వచ్చే శనివారం నీకు పని ఉందా అప్పా అని అన్నను అడిగాడు. మెడ పట్టలేదు. మరుసటి రోజు కూడా పట్టలేదు. అత్త పొయ్యి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ధర్మవరంలో వాళ్ళ మిద్దె మీద ఒక కర్రకు చిన్న కెమెరా కట్టి పైకి తిప్పి పెట్టాం. డబ్బా పీటలోనే ఉంటుంది. మామ స్నానం చేసి దానికి నుదురు ఆనించి, తెల్లవారిన ఆకాశానికి దండం పెట్టుకుని, తర్వాత వాకిట్లోకి వచ్చి కూర్చుంటాడు. వచ్చినవాళ్ళకు పైన మబ్బు ఎట్లా ఉందో ఆయనే చెబుతాడు. మెడ బాగుపడలేదు, బాగుపడదని డాక్టరు చెప్పనే చెప్పాడు. మాకు ఇచ్చినంత దేవుడు ఇచ్చాడు, ఇంకా అడగడానికి నాకు నోరు రాదు.

మిమ్మల్ని మాత్రం ఒకటి అడుగుతాను. ఆరేసిన బట్టలు తీయాలా వద్దా అని మీరు ఊరికే తల ఎత్తి పైకి చూస్తారే, అప్పుడు ధర్మవరంలో ఉన్న మా మామను ఒక్కసారి తలుచుకోండి.